కోడిలో కుక్క వాటా

ఏడో తరగతితో నేను బడి మానేసినప్పుడు మా మేష్టారు మా అయ్యను పిలిచి, "మీవాడు పశువుల మధ్య బతకాల్సినవాడు" అన్నారు. మా అయ్య బాధపడ్డాడు గానీ, ప్రభుత్వం మేష్టారి మాట పోనివ్వలేదు. నన్ను తీసుకెళ్ళి పశువుల ఆసుపత్రిలోనే అటెండరుగా వేసింది. అటెండరుగానే రిటైరయ్యాను. మధ్యలో ప్రమోషను రాలేదా అని అడక్కండి. అక్కడ నాకంటే బుద్ధిమంతులైన ఎద్దులు చాలా ఉండేవి, అవి కూడా ఎద్దులుగానే వెళ్ళిపోయాయి.

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా అరుగు మీదకొచ్చి కూర్చుని, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి బాబాయ్ అంటారు. అడ్డం తిరిగిన దూడనో, నూతిలో పడ్డ గేదెనో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఒక ఊరకుక్క సంగతి మొదలుపెట్టగానే మొహాలు వాలిపోతాయి. వాలనివ్వండి. దూడను లాగడం మీకు కాలేజీలో నేర్పుతారు. ఇదీ కాలేజీ పుస్తకాల్లో ఉన్నదే. కానీ మా ఆసుపత్రిలో ఉన్న ముగ్గురికీ అది తలకెక్కడానికి ఒక ముసలమ్మ నోరు కావలసి వచ్చింది.

నా ఆఖరి పోస్టింగు ఉద్దానంలో, జీడితోటల మధ్య ఒక చిన్న ఆసుపత్రి. డాక్టరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చింది, వయసు మా అమ్మాయి కంటే తక్కువ. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. ఆ 'గారు' అలవాటు లేక మొదట్లో నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, ఎవరొచ్చారా అని. రెండోవాడు మా కాంపౌండరు. నాకు నిజంగా బావ కాడు గానీ, తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని ఆ వరస కలుపుకున్నాం. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే కారణం, వేడి చేసింది. ఎద్దు కుంటినా వేడి చేసింది, మేక మేత మానేసినా వేడి చేసింది. ఒకసారి లారీ గుద్దిన ఆవును తెచ్చినప్పుడు కూడా నోరు తెరవబోయాడు. డాక్టరమ్మ చూసిన చూపుకి మూసేశాడు.

మూడోవాణ్ణి నేను. నాకూ ఒక విద్య ఉంది. అంతకుముందు సముద్రం ఒడ్డున భావనపాడు వైపు పనిచేశాను. అక్కడి కుక్కలు చేపల మీద బతుకుతాయి, గొంతులో ముల్లు ఇరికించుకోవడం వాటికి రోజువారీ వ్యవహారం. దవడల మధ్య కర్రముక్క పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి ముల్లు పీకడంలో నాకు పేరొచ్చింది. ఒకాయన నా చెయ్యి చూసి జాతకం చెప్పబోయి, అందులో సగం గీతలు కుక్కలు గీసినవని తెలిసి లేచిపోయాడు. ఉద్దానం వచ్చాక ఆ విద్యకి పని తగ్గింది. పని తగ్గిన విద్య ఊరుకోదు. కనిపించిన ప్రతి కుక్క గొంతులోనూ నాకు ముల్లే కనిపించేది.

జీడి పూత మీదున్న రోజుల్లో ఒక పొద్దున్న ఆ ముసలమ్మ వచ్చింది. పాత చీర అంచు చింపి మెడకు కట్టి, గోధుమరంగు కుక్కను నడిపించుకొచ్చింది. మనిషి ఎండిన కొబ్బరిమట్టలా ఉంటుంది. మాట మాత్రం పచ్చి జీడిపిక్క, తగిలితే బొబ్బ లేస్తుంది. నన్ను చూడగానే ఒరే అల్లుడా అంది. నేను ఏటత్తా అన్నాను. చుట్టరికం అక్కడితో కుదిరిపోయింది.

తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేస్తోందట. నమలకుండా మింగుతాడు, కాసేపు మెడ సాచుకుని నిలబడతాడు, ఆనక మెతుకు మెతుకులాగే కక్కేస్తాడు, మళ్ళీ ఆకలని చూస్తాడు అని చెప్పింది. ఆ కుక్కను అది, ఇది అనేది కాదు. ఆడు, ఈడు అనేది. ఎందుకో తరువాత తెలిసింది. మా వైపు జీడిపళ్ళు పండే కాలానికి ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి. పిక్కలు ఏరుకునేవాళ్ళు తెల్లారేసరికే తోటలో ఉండాలి, ఎలుగులూ ఆ వేళకే ఉంటాయి. కుక్క ముందు నడిచేది, ముసలమ్మ వెనక. అది మొరిగే రకం కాదు. ఎలుగు వాసన తగిలితే ఉన్నచోట ఆగిపోయేది, ఒక కాలు గాల్లోనే ఉంచి. అది ఆగితే ఈమె ఆగేది. ఇద్దరూ వెనకడుగులు వేసుకుంటూ వచ్చేసేవారు. కుక్క లేకుండా వెళ్ళిన పక్కతోట ఆయన మొహం ఎలుగు గోళ్ళకి చీరుకుపోయి ఉంది, చూసినవాళ్ళం.

"ఆడు నేకపోతే నాకు తోట నేదు. తోట నేకపోతే నాకు కూడు నేదు. సూసి సెప్పరా," అంది.

చూడ్డం ఎందుకు, ముల్లే అన్నాను. కర్రముక్క పెట్టాను, చెయ్యి పోనిచ్చాను. కుక్క నన్ను కరవలేదు సరికదా, ఏం వెతుకుతున్నాడో పాపం అన్నట్టు చూసింది. ముల్లు లేదు. లోపలికి జారిపోయి ఉంటుందన్నాను. వేడి చేసిందన్నాడు మా బావ. డాక్టరమ్మ మా ఇద్దరినీ పక్కకు తప్పించి, జ్వరం చూసి, మలం పరీక్ష చేసి, అందులో ఏమీ కనపడక, కక్కు ఆగడానికి సూదిమందూ మామూలు నులిపురుగుల మాత్రా ఇచ్చి పంపింది. తగ్గకపోతే వెంటనే తీసుకురమ్మంది.

ముసలమ్మ వెంటనే తీసుకురాలేదు. కుక్కకి నీరసంగా ఉంటే ముందు దానికి బలం పెట్టాలి గదా. ఆ బలం సంగతే ఇప్పుడు చెబుతాను.

మళ్ళీ వచ్చేసరికి జీడిపిందెలు కట్టాయి. కుక్క పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. విచిత్రం ఏమిటంటే ఒళ్ళంతా చిక్కి కాళ్ళు మాత్రం లావెక్కాయి. ముంగాళ్ళు రెండూ మోకాలి కింద దుంగల్లా అయ్యాయి. ముల్లు గుచ్చుకుందేమోనని నేను పాదాలు చూడబోయాను. గొంతులో దొరకని ముల్లు కాల్లోనైనా దొరకదా అని నా ఆశ. మా బావ సంగతి మీకు తెలుసు. డాక్టరమ్మ మాత్రం నేల మీద చతికిలబడి ఆ కాళ్ళను పైనుంచి కిందికి చాలాసేపు నొక్కి చూసింది. తల ఎత్తకుండానే, దీనికి ఏం పెడతారు మామ్మగారూ అని అడిగింది.

ముసలమ్మ ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు చెప్పింది. వాళ్ళ ఇంట్లో కోడిని కోస్తే తొలివాటా కుక్కది. కాల్చకముందే, పసుపు రాయకముందే, గొంతుసంచీ, పేగులూ వేడివేడిగా తీసి దాని ముందు వేస్తారు. తోట కాసేవాడికి తొలివాటా ఇవ్వకపోతే ఆ కూర ఇంట్లో ఎవరికీ అరగదని వాళ్ళత్త చెప్పిందట, వాళ్ళత్తకి వాళ్ళత్త. ఆ మాటకొస్తే ఊళ్ళో సగం ఇళ్ళలో అదే మర్యాద.

"పచ్చిగానే పెడతారా?" అంది డాక్టరమ్మ.

"మరేటి, పులుసెట్టి ఆకేసి వడ్డించాలా? ఒంట్లో బాగోనేదని మొన్నటినుంచి రోజు మార్చి రోజు కోస్తన్నాను. బజారు కోళ్ళు కావమ్మా. మా పెరటివే. గత్తం కుప్ప గీరుకుని పెరిగినవి, మంచి బలం."

డాక్టరమ్మ లేచి, మళ్ళీ మలం తీసుకుని, ఈసారి మందునీళ్ళు మార్చి, గుడ్లుంటే పైకి తేలేలా కలిపి, మైక్రోస్కోపు మీద వంగింది. కాసేపటికి బాబాయ్ గారూ, చూడండి అంది. నాకు మొదట నా కనురెప్ప వెంట్రుకే కనిపించింది. దాన్నే పురుగనుకుని భయపడ్డాను. తరువాత కనిపించాయి, కాగితాలకి పెట్టే క్లిప్పుల్లాంటి సన్నటి గుడ్లు.

ఆ పురుగు దారి ఆమె చెప్పినప్పుడు నాకు మన ఊరి బస్సు గుర్తొచ్చింది, తిన్నగా ఎక్కడికీ పోదు. కుక్క మలంలో గుడ్లు పడతాయి. వాటిని పేడపురుగు తింటుంది, దాని ఒంట్లో అవి పిల్లపురుగులవుతాయి. పేడపురుగును గత్తం కుప్ప మీద, అదే పెంటకుప్ప మీద, కోడి తింటుంది. కోడి కడుపులో ఆ పిల్లపురుగు చావదు, ఒదిగి పడుకుంటుంది. ఆ పచ్చి పేగుల్ని కుక్క తినగానే లేచి, కడుపు గోడ తొలుచుకుని, నెత్తురుగొట్టం పట్టుకుని గుండె దాకా ఎగబాకి, అక్కణ్ణుంచి అన్నం దిగే గొట్టం గోడలోకి దూరి కాపురం పెడుతుంది. దాని చుట్టూ కండ పెరుగుతుంది. మెతుకు దిగదు. మరి మనం ఇచ్చిన మాత్ర ఏమైంది అని అడిగాను. అది పేగుల్లో ఉన్నవాటికి, ఇది గోడలో ఉంది అంది డాక్టరమ్మ. పూండి స్టేషను ముందునుంచి మెయిలు ఆగకుండా పోయినట్టన్నమాట అన్నాను. ఆమె నవ్వలేదు. నా జోకు నవ్వించలేదంటే సంగతి పెద్దదని అర్థం. ఆ కండ ముదిరి కాన్సరు అవుతుందట ఒక్కోసారి. ఛాతీలో అలాంటిది పెరిగితే కాళ్ళ ఎముకలు లావెక్కుతాయట.

విజయనగరం వైపు కెమెరా గొట్టం ఉన్న పెద్ద పశువుల ఆసుపత్రి ఉంది. డాక్టరమ్మ ఫోను చేసి మాట్లాడింది. జీడిపప్పు డబ్బాలు వేసుకెళ్ళే చిన్న వ్యానులో నలుగురం బయల్దేరాం. ముందు సీట్లో డాక్టరమ్మ, వెనక డబ్బాల మధ్య నేనూ ముసలమ్మా కుక్కా. ఆసుపత్రిని మా బావకి అప్పగించి వచ్చాం. ఆ రోజు మండలంలో పశువులన్నిటికీ వేడి చేసి ఉంటుంది. దారిపొడుగునా ముసలమ్మ నన్ను ఆటపట్టించింది, సర్కారు జీతం తింటూ డబ్బాల మధ్య కూర్చున్నావేరా అని. నేనూ ఊరుకోలేదు. పొందూరు దాటాక కుక్క నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. అప్పటినుంచి డబ్బాలు దాని మీదకి జారకుండా పట్టుకోవడమే మా ఇద్దరి పని.

అక్కడ కుక్కకి మత్తు ఇచ్చి, నల్లటి గొట్టం నోట్లోంచి దింపి, లోపలిది టీవీలో చూపించారు. బయట ఉండమంటే ముసలమ్మ ఉండలేదు. నా బిడ్డ కడుపు నేను సూడకూడదా అని స్టూలు లాక్కుని కూర్చుంది. గులాబీరంగు సొరంగంలా ఉంది లోపల. కొంతదూరం పోయాక గోడ మీద నున్నటి బుడిపె, దాని నెత్తిన చిన్న చిల్లు, చిల్లులోంచి ఎర్రదారంలాంటిది తొంగి చూస్తోంది. దాని కిందే ఇంకొకటి. అది నున్నగా లేదు. పుండుపడి, విచ్చుకుని ఉంది.

"మొదటిది పిందె. రెండోది కుళ్ళిన జీడిపండు," అంది ముసలమ్మ.

పెద్ద డాక్టరుగారు ఆమె వైపు తిరిగి చూశారు. మొదటిది సూదులకి కరుగుతుంది, రెండోది కరగదు అన్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతున్నామనీ, కాన్సరనే తన అనుమానమనీ, ఛాతీ తెరిచి కోస్తే ఇంత నీరసంలో కుక్క తట్టుకోదనీ చెప్పారు. తరువాత వచ్చిన రిపోర్టూ అదే అంది.

బయట టీకొట్టు దగ్గర డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఎందుకొచ్చిందో ఆవిడకి చెప్పాలి, మీ మాటయితే ఆవిడ వింటుంది అంది. కుక్కే ఎక్కడో పేడపురుగుని తిన్నాదని చెప్పేద్దాం మేడమ్ అన్నాను. కుక్క నేరుగా పేడపురుగును తిన్నా వస్తుందని మైక్రోస్కోపు దగ్గర ఆమే చెప్పింది. ముసలితనంలో ఆవిడ చేతులు ఆవిడకే చేదెక్కాలా అన్నాను. డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"చెప్పకపోతే, వచ్చే అమ్మవారి పండక్కి ఊరంతా కోళ్ళు కోస్తుంది కదా బాబాయ్ గారూ. అప్పుడు కుక్కలకి ఏం వేస్తారు?"

నేను టీ డబ్బులిచ్చి వ్యాను వెనక తలుపు తీశాను. మా ఆవిడ మాట తరువాత నేను వెంటనే విన్నది ఆమె మాటే.

వ్యానులో చెప్పాం. డాక్టరమ్మ కూడా వెనక్కి వచ్చి డబ్బా మీద కూర్చుంది. ఆమె పుస్తకంలా చెప్పడం, నేను దాన్ని మా మాటలోకి మార్చడం. పేడపురుగు దగ్గర ముసలమ్మ మొహం చిట్లించింది. కోడి దగ్గరికి వచ్చేసరికి ఇక చాల్లే అన్నట్టు చెయ్యెత్తింది.

"అంటే నేనే పెట్టినానన్నమాట."

నేను తొందరపడ్డాను. "నువ్వు పెట్టింది వాటా అత్తా. పురుగు దార్లో ఎక్కిన టిక్కెట్టు నేని పేసింజరు," అన్నాను.

"టిక్కెట్టు నేనే కొన్నాను గదరా," అంది.

ఆ తరువాత ఇల్లు చేరేదాకా మత్తు వదలని కుక్క చెవులు నిమురుతూనే ఉంది. డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఎచ్చెర్ల దగ్గర వ్యాను ఆపి డ్రైవరు అరటిపళ్ళు తెచ్చాడు. ముసలమ్మ ఒకటి వలిచి, అలవాటుగా కుక్క నోటి దగ్గర పెట్టబోయి, ఆగి, నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. అంత కష్టంగా దిగిన అరటిపండు ఇంకోటి లేదు.

ఆమె ఇక మంచం పడుతుందని నేననుకున్నాను. పడలేదు. మర్నాటినుంచి ఊరిమీద పడింది. ఎవరింట్లో కోడి కూసినా, కొయ్యబోతున్నారేమోనని గుమ్మం ముందు నిలబడేది. పేగులు ఉడకబెట్టి పెట్టు, నేదా గొయ్యి తీసి పూడ్చు, రెండూ చేతకాకపోతే నీ మొగుడికెట్టు అనేది. అత్తలకి అత్త చెప్పిన మర్యాద తప్పిస్తావా అని ఎవరో గొణిగితే, వాటా మాననక్కర్లేదు, పొయ్యి మీంచి దింపి ఇయ్యి అంది. అమ్మవారి పండగ నాడు కర్ర పట్టుకుని వీధి వీధీ తిరిగింది. పేగులు ఎత్తడానికి మా బావను కూడా తట్ట ఇచ్చి వెంట తిప్పింది. మనిషికి నిజంగా వేడి చేయడం నేను ఆ రోజే చూశాను.

ఊళ్ళో కుక్కల్ని ఒక్కొక్కటే ఆసుపత్రికి తోలుకొచ్చింది. కొన్నిటికి మలంలో ఆ క్లిప్పులే దొరికాయి. బుడిపెలు ముదరకముందే దొరికినవి గనుక, డాక్టరమ్మ విడతలు విడతలుగా సూదులు వేస్తే తేరుకున్నాయి. వాటిని పట్టుకునే పని నాదే. నా అరచేతి జాతకం మళ్ళీ మారింది.

గోధుమరంగు దానికీ సూదులు వేశాం. నున్నటి బుడిపె తగ్గి ఉంటుంది, జావ కొంచెం దిగడం మొదలైంది. దాన్ని నిలబెట్టి తినిపించాలని డాక్టరమ్మ చెప్పింది, తిండి దాని బరువుకి అదే జారుతుందని. ముసలమ్మ పీట మీద పీట వేసి, ముంగాళ్ళు దాని మీద పెట్టించి, చోడంబలి, అదే రాగిజావ, గరిటెతో పోసేది. తాగాక కూడా కాసేపు అలాగే నిలబెట్టి ఉంచేది. పెళ్ళిలో బఫే భోజనానికి వచ్చిన పెద్దమనిషిలా ఉండేది కుక్క. నేను వెళ్ళినప్పుడల్లా, ఏం బాబూ, స్వీటు తీసుకున్నారా అని అడిగేవాణ్ణి. ముసలమ్మ నవ్వేది. నవ్వుతూనే దాని మూతి తుడిచేది.

ఆ జీడికాలం అంతా అది తోటకి వెళ్ళింది. పరిగెత్తలేదు గానీ, ముందు మాత్రం అదే నడిచిందట. పంట చివర్లో ఒక పొద్దున్న ఉన్నచోట ఆగిపోయిందని, ఈసారి కాలు పైకెత్తలేదు గనుక నొప్పికి ఆగిందేమోనని తను ఒకడుగు ముందుకు వేయబోతే కుక్క అడ్డంగా నిలబడిందని ముసలమ్మ చెప్పింది. పొద మాటున ఎలుగు ఉంది. ఇద్దరూ వెనకడుగులతో వచ్చేశారు. ఎప్పటికంటే నెమ్మదిగా.

ఆ వారంలోనే అంబలి కూడా దిగడం మానేసింది. నిద్రమందు ఇచ్చెయ్యమని ముసలమ్మే వచ్చి అడిగింది. డాక్టరమ్మ ఆమె పెరట్లోకే వచ్చి ఇచ్చింది. తల నేను పట్టుకున్నాను. ఆ కుక్క నన్ను మొదటిరోజు చూసినట్టే చూసింది, ఏం వెతుకుతున్నాడో పాపం అన్నట్టు. మా బావ గొయ్యి తీశాడు. ఆ రోజు ఆయన ఏ కారణమూ చెప్పలేదు.

పిల్లలూ, మీకు నేను చెప్పేది చిన్నది. గొంతులో ఏముందో చూసే ముందు నోటి దాకా ఏమొచ్చిందో అడగండి. పెట్టిన చేతిని మాత్రం తిట్టకండి. ఆ చెయ్యి మీకంటే ముందే తనని తాను తిట్టుకుంటుంది.

రిటైరయ్యాక కిందటేడు అటువైపు పెళ్ళికెళ్ళి, ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. నల్లకుక్కపిల్ల ఒకటి గుమ్మంలో నన్ను అడ్డగించింది. అది ఆగదు, మొరుగుతుంది. తోటకి ఇంకా పనికిరాదట, నేర్పుతోందట. నేనొచ్చానని కోడిని కోసింది. పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టింది. చిన్నదాంట్లో పేగులూ గొంతుసంచీ కుతకుత ఉడుకుతున్నాయి. ఆరాక కుక్కపిల్లకి వాటా వేసి, ఆ తరువాతే నాకు వడ్డించింది.

నా నోరు ఊరుకుంటుందా. కంచంలో ముక్కను వేలితో అటూ ఇటూ తిప్పి, ఇది ఏ గిన్నెలోది అత్తా, కోడిని ఎక్కడ మేపినావు, సరిగ్గా ఉడికిందా, నాది రెండో వాటాయేనా అని వరసగా అడిగాను.

ముసలమ్మ పులుసు గరిటె నా కంచంలో వంచుతూ, నా మొహం చూడకుండా అంది:

"ఆడు నేనేటెట్టినా అడక్కుండా తిన్నాడు, పోనాడు. నువ్వు ఇన్ని అడుగుతన్నావు, నీకేటీ అవదు. తిను."